డెంటల్ సీటుకు రక్తపరీక్ష

ఆ ఉదయం దేవయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఖమరుద్దీన్ పికప్‌లో రూవిలోని కంపెనీ ఆఫీసుకు వెళ్లాలి. అర్బాబ్‌ను, అంటే యజమానిని, జీతం మీద అడ్వాన్సు అడగాలి. ఆయన అవునన్నా కాదన్నా ఎండ ముదరకముందే అల్ అమెరాత్ సైటుకు చేరి, సగంలో ఆగిన గోడ మళ్లీ అందుకోవాలి. ఇందులో తేడా రావడానికి చోటెక్కడుందో అతనికి కనిపించలేదు.

దేవయ్య మేస్త్రీ. కోరుట్ల దగ్గరి పల్లె నుంచి మస్కట్ వచ్చి చాలా ఏళ్లయింది. హమ్రియాలో కంపెనీ ఇచ్చిన రూములో నలుగురితో పాటు ఉంటాడు. అతని గోడకు తూకపు గుండు పెట్టి చూసే అవసరం రాదని సైట్లో అందరూ అంటారు. అతని కూతురు సింధూజ ఇంటర్ పూర్తిచేసి, పక్క రాష్ట్రంలో దేశమంతా పేరు మోసిన ఒక డెంటల్ కాలేజీకి ప్రవేశ పరీక్ష రాసింది. జిల్లా కేంద్రంలోని డాక్టర్ల పిల్లలకే దొరకని సీటు ఆ పిల్లకు దొరికింది. ఊళ్లోని ఎస్టీడీ బూత్ నుంచి భార్య దేవవ్వ ఫోన్ చేసి, బిడ్డకు పండ్ల కాలేజీల సీటొచ్చిందని చెప్పినప్పుడు, మామిడితోటల చదువేమోనని దేవయ్య కాసేపు ఆలోచనలో పడ్డాడు. నోట్లో పండ్లని తెలిశాక ఫోను చెవి దగ్గర పెట్టుకునే కళ్లు తుడుచుకున్నాడు.

చిక్కంతా ఫీజు దగ్గర వచ్చింది. మొదటి ఏడాది సొమ్ము నెలాఖరులోగా కట్టకపోతే సీటు వెనకవాళ్లకు పోతుంది. దేవవ్వ అప్పటికే పాలిచ్చే బర్రెను అమ్మేసింది. అది హాస్టలుకు సరిపోయింది. ఇంకా అమ్మడానికి ఇంట్లో మరో బర్రె లేదు.

కంపెనీ లెక్కలు చూసే జయరాముడు రాజమండ్రి వైపు మనిషి. అరబ్బీ చక్కగా మాట్లాడతాడు, చదువుతాడు, రాస్తాడు. కాకపోతే అడ్వాన్సు మాట ఎత్తగానే, కంపెనీలో ఆ పద్ధతి లేదని అర్బాబ్ దాకా పోనివ్వకుండా తానే చెప్పేస్తాడు. అందుకని దేవయ్య, జయరాముడు బ్యాంకుకు వెళ్లే వేళ చూసుకుని, మాట సాయానికి ఖమరుద్దీన్‌ను అడిగాడు. ఖమరుద్దీన్ హైదరాబాదు పాతబస్తీ వాడు, కంపెనీ డ్రైవరు. తనకు అరబ్బీ వచ్చని గట్టిగా నమ్మినవాడు.

"టెన్షన్ నక్కో, దేవయ్య భాయ్. అర్బాబ్ నాతోని దోస్తు లెక్క మాట్లాడ్తడు. నువ్వు తలకాయ ఊపు, చాలు" అన్నాడు దారిలో.

అర్బాబ్ సాలిం చెడ్డవాడు కాదు. కాని సొరుగు తాళం తెరవడం ఆయనకు అలవాటు లేని పని. ఆ ఉదయం కాఫీ తాగుతూ ఇద్దరినీ కూర్చోమన్నాడు. ఖమరుద్దీన్ గొంతు సవరించుకున్నాడు. అతను చెప్పదలచుకున్నది, ఈ మనిషి కూతురికి దంతవైద్య కళాశాలలో సీటు వచ్చింది, డబ్బు కావాలి అని. అరబ్బీలో కళాశాలను కుల్లియా అంటారు. కిడ్నీని కుల్యా అంటారు. రాసినప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి, తేడా అంతా పలకడంలోనే. ఖమరుద్దీన్ పలికింది రెండోది. పళ్లకు అరబ్బీ మాట సమయానికి గుర్తు రాక, తన పళ్లు బిగించి, ముఖం చిట్లించి, వాటి మీద వేలితో తట్టి చూపించాడు.

అర్బాబ్ కాఫీ పక్కన పెట్టాడు. ఒక ఆడపిల్ల, కిడ్నీ, పళ్లు బిగబట్టి ఓర్చుకుంటున్న నొప్పి, కావలసిన డబ్బు. ఆయనకు వేరే వివరం అక్కర్లేకపోయింది. ఆయన తండ్రి పోయింది ఆ జబ్బుతోనే. చెడింది ఒకటా, రెండా అని మెల్లగా అడిగాడు. ఆ ప్రశ్నలో ఖమరుద్దీన్‌కు ఒకటి, రెండు అనే అంకెలు మాత్రం అర్థమయ్యాయి.

"ఒకటా, రెండా అని పూచ్తుండు భాయ్."

ఎన్ని కాలేజీల్లో సీటు వచ్చిందని అడుగుతున్నాడనుకున్నాడు దేవయ్య. "ఒకటి అయిపోయింది. రెండోది వెయిటింగుల ఉన్నది" అన్నాడు.

ఖమరుద్దీన్ దాన్ని అరబ్బీలోకి దించాడు. ఒకటి ఖలాస్, రెండోది లైన్లో ఉంది.

అర్బాబ్ కళ్లు తడిశాయి. లేచి వచ్చి దేవయ్య భుజం మీద చెయ్యి వేశాడు. వెనక్కి వెళ్లి సొరుగు తెరిచి, లోపలున్న కట్ట లెక్కపెట్టకుండానే దేవయ్య చేతిలో పెట్టాడు. ఇది అడ్వాన్సు కాదని, సదఖా అని, అంటే దేవుడి పేరు మీద ఇచ్చేదని, ఇవాళే ఇంటికి పంపమని చెప్పాడు. బిడ్డకు కిడ్నీ ఇవ్వాలంటే ముందు తండ్రి రక్తమే చూస్తారు కాబట్టి, ఆదివారం రూవిలో తనకు తెలిసిన ఆసుపత్రికి వెళ్లి రక్తపరీక్ష చేయించుకోమని కూడా అన్నాడు. ఈ చివరి వాక్యంలో ఖమరుద్దీన్‌కు అందినవి రక్తం, ఆసుపత్రి, ఆదివారం.

రక్తపరీక్ష ఎందుకని దేవయ్య అడగలేదు. వీసాకు రక్తం తీశారు, లేబర్ కార్డుకు రక్తం తీశారు, కార్డు గడువు తీరిన ప్రతిసారీ మళ్లీ తీశారు. ఈ దేశంలో ఏ పని జరగాలన్నా ముందు సూది గుచ్చుతారనేది అతని అనుభవం. ఇంత సొమ్ము ఇచ్చినప్పుడు ఒక సీసా నెత్తురు అడగడం అతనికి న్యాయంగానే తోచింది. మనీ ఎక్స్ఛేంజ్ తలుపు తీయగానే లోపలికి దూరి సొమ్ము ఊరి బ్యాంకుకు పంపాడు. మిగిలిన చిల్లరతో రూవిలో మిఠాయి డబ్బా కొన్నాడు.

ఈలోగా జయరాముడు బ్యాంకు నుంచి తిరిగి వచ్చాడు. అర్బాబ్ తలుపు మూసి, గొంతు తగ్గించి, దేవయ్య కూతురి కిడ్నీల సంగతి చెప్పాడు. దేవయ్య అభిమానం గల మనిషి, ముఖం మీద ఎవరూ అడిగి బాధపెట్టవద్దని హెచ్చరించాడు. జయరాముడు ఆ మాట నిలబెట్టుకున్నాడు. దేవయ్యను తప్ప మిగిలిన అందరినీ అడిగాడు. సాయంత్రం డ్యూటీ ముగిసే వేళకు ఆ వార్త హమ్రియాలో తెలుగు మాట్లాడే ప్రతి రూముకూ చేరింది. ఖమరుద్దీన్‌కు కూడా చేరింది. సీటు వచ్చిన సంతోషంలోనే బిడ్డకు ఇంత కష్టం రావడం చూసి అతను తల పట్టుకున్నాడు. పొద్దున అర్బాబ్ ముందు కూడా ఈ ముక్క బయటపెట్టని దేవయ్య గుండె నిబ్బరాన్ని మెచ్చుకున్నాడు. తన నోటి నుంచే ఆ వార్త పుట్టిందన్న అనుమానం మాత్రం అతనికి రాలేదు.

దేవయ్య మిఠాయి డబ్బాతో రూములోకి అడుగుపెట్టేసరికి ఎప్పుడూ మోగే టేప్ రికార్డరు ఆపేసి ఉంది. అందరూ నేల చూపులు చూస్తున్నారు. అతను నవ్వుతూ ఒక్కొక్కరి చేతిలో ఒక లడ్డు పెట్టాడు. వంట చేసే పెంచలయ్య కడప జిల్లా మనిషి, మెత్తని గుండె గలవాడు. లడ్డు చేతిలో పట్టుకుని, తినాలో వద్దో తెలియక నిలబడిపోయాడు. అడగకూడదని తెలిసీ అడగకుండా ఉండలేకపోయాడు.

"పాప ఎట్లుండాదన్నా?"

"మంచిగనే ఉన్నది తమ్మీ. కబురు తెలిసిన కాడికెంచి తిండి లేదట, నిద్ర లేదట. తల్లీబిడ్డలు ఒకటే ఏడ్సుడట" అన్నాడు దేవయ్య ఆనందంగా.

"ఎన్నేండ్లన్నారు?"

"ఐదేండ్లు. నాలుగేండ్లు ఎట్లనో గడుస్తయి. ఆఖరి ఏడంత దవాఖాన్లనే ఉండాలె."

"ఐదేండ్లేనా అన్నా?"

"గంతే. అటెన్క ఎటు పోతదో మన చేతుల ఏమున్నది? మా ఇంట్లనైతే ఉండది." దేవయ్య లడ్డు నోట్లో వేసుకున్నాడు. "ఇంకో లడ్డు తీసుకో తమ్మీ, గట్ల చూస్తవేంది?"

పెంచలయ్య వరండాలోకి పోయి కుళాయి తిప్పి చాలాసేపు ముఖం కడుక్కున్నాడు. దుఃఖం ముదిరి అన్నకు మతి చలించిందని మిగతావాళ్లకు చెప్పాడు. ఆ మర్నాటి నుంచి రూములో దేవయ్య బతుకు మారిపోయింది. బట్టలు ఎవరో ఉతికేస్తున్నారు. వరసలో నిలబడకముందే బాత్‌రూమ్ ఖాళీ అవుతోంది. కూరలో పెద్ద ముక్కలన్నీ అతని పళ్లెంలోకే వస్తున్నాయి. కాబోయే డాక్టరు తండ్రికి జనం ఇచ్చే మర్యాద ఇంత ఉంటుందని దేవయ్య ఊహించలేదు. మొదట్లో మొహమాటపడ్డాడు, తర్వాత అలవాటు పడ్డాడు. చుట్టుపక్కల రూముల వాళ్లంతా చందా వేసి, మూటకట్టి, ఎందుకో చెప్పకుండా అతని దిండు కింద పెట్టారు. సీటొచ్చిన బిడ్డకు కానుక అనుకున్నాడు దేవయ్య. అందులో అందరికంటే ఎక్కువ వేసింది ఖమరుద్దీన్.

ఆదివారం దేవయ్య ఆసుపత్రికి వెళ్లాడు. రక్తం తీసే ఇస్రాయేలు ఒంగోలు మనిషి. పేరు వినగానే తెలుగువాడని పోల్చుకుని, సూది తీస్తూ మాటల్లో దిగాడు.

"కిడ్నీ ఇచ్చేది నువ్వేనంట గదా? బాగా ఆలోచించుకున్నావా?"

దేవయ్య తన చేతికేసి, సూదికేసి చూశాడు. "ఎవలకు?" అన్నాడు.

ఎవరికో తనకు తెలియదన్నాడు ఇస్రాయేలు. ఫోను చేసి చెప్పింది వాళ్ల అర్బాబు, బిల్లు కట్టేదీ అర్బాబే. రక్తం సరిపడితే మిగతా సంగతి పెద్ద డాక్టరు చూసుకుంటాడు. భయపడాల్సిందేమీ లేదని, ఒకటి తీసేసినా మనుషులు పనులు చేసుకుంటున్నారని ధైర్యం చెప్పి, దూది పెట్టి చెయ్యి మడవమన్నాడు.

దేవయ్య మడిచిన చెయ్యి చాపకుండానే చిల్లర పైసలకు తిరిగే బైజా బస్సెక్కాడు. అద్దం పక్కన కూర్చుంటే ఒక్కొక్కటీ దానంతటదే పొసగుతూ వచ్చింది. సొరుగు తాళం తీయని మనిషి ఆ వేళ కట్ట తీసి చేతిలో ఎందుకు పెట్టాడు? కళ్లనీళ్లు ఎందుకు పెట్టుకున్నాడు? రక్తం ఎందుకు అడిగాడు? అర్బాబ్ ఎప్పుడూ చేతిలో నీళ్ల సీసాతో తిరుగుతాడు, మెట్లెక్కితే ఆయాసపడతాడు. పాపం ఆయనకే కిడ్నీలు చెడ్డాయి. నోరు తెరిచి అడగలేక సదఖా అన్నాడు.

మొదట కోపం వచ్చింది. ముందే చెప్పి ఉండాల్సింది కదా అనుకున్నాడు. తరువాత, ఒక మనిషి ఇంకో మనిషిని సిమెంటు బస్తా అడిగినట్టు కిడ్నీ అడగలేడు కదా అనిపించింది. సొమ్ము ఊరు చేరి ఉంటుంది, ఫీజు కట్టేసి ఉంటారు. వెనక్కి తిరగడానికి దారి లేదు. దారి ఉన్నా తాను తిరుగుతాడా అని తనను తానే అడిగి చూసుకున్నాడు. తిరగడని తేలింది. అయితే ఒక్క సందేహం మాత్రం మిగిలింది. ఆ సందేహం తీర్చగలిగిన చదువు ఇంట్లో ఒక్కరికే ఉంది. బస్సు దిగగానే బూత్‌లోకి వెళ్లి, పక్కింటికి ఫోను చేసి సింధూజను పిలిపించాడు.

ఫీజు కట్టేశామని, రసీదు వచ్చిందని ఆ పిల్ల ఒకే ఊపిరిలో చెప్పుకుపోయింది. దేవయ్య అంతా విన్నాడు.

"బిడ్డా, మనిషికి కిడ్నీలెన్ని ఉంటయి?"

"రెండు బాపూ."

"ఒకటి తీసేస్తే?"

"ఒక్కదానితోని గూడ బతుకొచ్చు. ఎందుకడుగుతున్నవ్?"

"ఊకెనే. బరువులు లేపొచ్చునా?"

ఎందుకని ఆ పిల్ల మళ్లీ అడిగింది. కార్డు అయిపోయిందని చెప్పి దేవయ్య ఫోను పెట్టేశాడు. కార్డులో ఇంకా చాలా మిగిలే ఉంది.

రెండు రోజుల తర్వాత అర్బాబ్ అల్ అమెరాత్ సైటుకు వచ్చాడు. ఆయన కారు దిగగానే దేవయ్య పని వదిలేసి, నీడలో ఒక కుర్చీ వేసి, కూర్చోమని సైగ చేశాడు. కూతురి బాధలో ఉన్న మనిషి తనకు కుర్చీ వేయడం అర్బాబ్‌కు చివుక్కుమనిపించింది. ఆయన దేవయ్య భుజాలు పట్టుకుని కూర్చోబెట్టబోయాడు. దేవయ్య లొంగలేదు. కిడ్నీలు పాడైన పెద్దమనిషిని ఎండలో నిలబెట్టి తాను కూర్చుంటాడా? ఇద్దరూ చాలాసేపు ఒకరినొకరు బతిమాలుకున్నారు. చివరికి ఇద్దరూ ఎండలో నిలబడ్డారు, కుర్చీ నీడలో ఉంది. అర్బాబ్ తన నీళ్ల సీసా ఇవ్వబోతే దేవయ్య భయపడి రెండు చేతులతో వెనక్కి నెట్టి, మీరే తాగాలని ఆయన నోటి దగ్గర పెట్టాడు. పరంజా మీదున్న వాళ్లు పని ఆపి చూశారు. యజమాని, మేస్త్రీ ఇంత ప్రేమగా ఉండడం వాళ్లు ఏ కంపెనీలోనూ చూడలేదు.

పోతూ పోతూ అర్బాబ్ దేవయ్యను మర్నాడు ఆఫీసుకు రమ్మన్నాడు. రక్తపరీక్షలో అంతా బాగుందని కబురు వచ్చింది. ఇక బిడ్డను మస్కట్ పిలిపించి ఇక్కడే పెద్ద డాక్టర్లకు చూపించాలని ఆయన నిశ్చయం. ఆపరేషను తేదీ చెప్పడానికే పిలిచాడని దేవయ్య నిశ్చయం. పొద్దున్నే తలస్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని, పెంచలయ్యకు తన పెట్టె తాళం అప్పగించి బయల్దేరాడు. పెంచలయ్య తాళం తీసుకుని, అన్నా, నాకూ రెండుండాయి, కావాలంటే ఒకటి తీసుకోమని చెప్పు అన్నాడు. ఈ సంగతి వీడికి ఎలా తెలిసిందా అని దేవయ్య ఆశ్చర్యపోయాడు గాని, తమ్ముడి మంచి మనసుకు కంట నీరు తిరిగింది.

అటు ఊళ్లో సింధూజ ఊరికే కూర్చోలేదు. అడ్వాన్సు పద్ధతే లేని కంపెనీ నుంచి ఒక్క రోజులో ఫీజంతా వచ్చింది. ఎప్పుడూ వర్షాలు, బర్రె, తిండి గురించి తప్ప అడగని తండ్రి కిడ్నీల గురించి అడిగాడు. ఆ రెంటినీ కలిపి చూడడానికి డెంటల్ కాలేజీ దాకా పోనక్కర్లేదు. దేవవ్వ శోకం మొదలుపెట్టింది. కిడ్నీ అమ్ముకుని కట్టిన ఫీజుతో తాను ఎవరి పన్నూ ముట్టనని సింధూజ తేల్చి చెప్పింది. తల్లిని వెంటబెట్టుకుని ఎస్టీడీ బూత్‌కు వెళ్లి మస్కట్ ఆఫీసు నంబరు తిప్పించింది.

దేవయ్యను పికప్‌లో తెచ్చిన ఖమరుద్దీన్ కూడా ఆఫీసులోనే ఉన్నాడు. అర్బాబ్ మాట మొదలుపెట్టబోతుండగా ఫోను మోగింది. జయరాముడు ఎత్తాడు.

"నేను దేవయ్య బిడ్డను మాట్లాడుతున్న. మా బాపు కిడ్నీ ఎవలకిస్తున్నడో చెప్పుండ్రి."

జయరాముడు గొంతు తగ్గించాడు. "నీకేనమ్మా" అన్నాడు.

"నాకెందుకు? నాకు రెండున్నయి."

జయరాముడు రిసీవరుకు చెయ్యి అడ్డం పెట్టి గది అంతా కలయజూశాడు. మళ్లీ చెవి దగ్గర పెట్టుకుని, మరి ఆ డబ్బు దేనికమ్మా అని అడిగాడు. డెంటల్ కాలేజీ ఫీజుకని ఆ పిల్ల చెప్పింది. ఇంకేదో కూడా చెప్పింది గాని అతను వినలేదు. అర్బాబ్ వైపు తిరిగి, ప్రతి అక్షరం విడివిడిగా పలుకుతూ, కుల్యా కాదండీ, కుల్లియా అన్నాడు. అర్బాబ్ ఆ రెండు మాటలనూ ఒకసారి నెమ్మదిగా పలికి చూసుకున్నాడు. ఆ తరువాత ఆయన, జయరాముడు ఒకేసారి ఖమరుద్దీన్ వైపు చూశారు.

"నేను అదే చెప్పిన కదా సాబ్" అన్నాడు ఖమరుద్దీన్.

ఫోనులో దేవవ్వ శోకం సన్నగా వినిపిస్తోంది. దేవయ్యకు జరిగినదంతా జయరాముడు తెలుగులో చెప్పుకొచ్చాడు. అతను శ్రద్ధగా విన్నాడు. తన బిడ్డకు అలాంటి జబ్బేదీ లేనందుకు దేవుడికి ఒకసారి దండం పెట్టుకుని, వెంటనే ఆందోళనగా అర్బాబ్ ముఖంలోకి చూశాడు.

"మరి అర్బాబ్‌కు కిడ్నీ ఎవలిస్తరు?"

జయరాముడు ఈ ప్రశ్నను అరబ్బీలో చెప్పడానికి మూడుసార్లు ప్రయత్నించాడు, మూడుసార్లూ నవ్వొచ్చింది. చివరికి చెప్పగలిగాడు. తన కిడ్నీలు చక్కగా ఉన్నాయని, నీళ్ల సీసా డాక్టరు తాగమన్నందుకు కాదు, ఎండ కోసమేనని అర్బాబ్ గబగబా చెప్పాడు. నవ్వబోయి మధ్యలో ఆగిపోయాడు. ఎదురుగా తెల్ల చొక్కాతో కూర్చున్న ఈ మేస్త్రీ ఇవాళ తన దగ్గరికి ఎందుకు వచ్చాడో ఆయనకు అప్పుడు అర్థమైంది. తలపాగా సరిచేసుకునే వంకతో కిటికీ వైపు తిరిగి, కాసేపు రోడ్డు చూశాడు.

దేవయ్యకు పరువు సమస్య వచ్చింది. జబ్బుపిల్ల పేరు మీద తీసుకున్న సొమ్ము తనకు వద్దని, నెల నెలా జీతంలో కోయమని అన్నాడు. జయరాముడు ఈ మాట అర్బాబ్‌కు చెప్పకముందే తన అలవాటు ప్రకారం, కంపెనీలో అడ్వాన్సు పద్ధతి లేదన్నాడు.

అర్బాబ్ తిరిగి వచ్చి కూర్చున్నాడు. ఉన్న మాట చెప్పాలంటే, కాలేజీ అని సరిగ్గా చెప్పి ఉంటే తాను పైసా ఇచ్చేవాణ్ణి కాదన్నాడు. కిందటి నెలలో సొంత చెల్లెలి కొడుకే ఈజిప్టులో చదువుకని అడిగితే కాదని పంపేశాడు. కాని ఇప్పుడు చిక్కొకటి ఉంది. ఆ రోజే ఇంటికెళ్లి, జబ్బుపిల్లకు సాయం చేశానని తల్లికి చెప్పుకున్నాడు. కొడుకు సొరుగు తెరవడం ఇన్నాళ్లకు విన్న ఆ ముసలామె, అప్పటి నుంచి ప్రతి నమాజులో ఆ పిల్ల కోసం వేడుకుంటోంది. ఇప్పుడు పోయి, డబ్బు వెనక్కి తీసుకున్నానని ఆమెకు చెప్పే ధైర్యం తనకు లేదన్నాడు. పిల్ల కిడ్నీలు రెండూ బాగున్నాయని చెబుతానన్నాడు. అందులో అబద్ధమేమీ లేదని జయరాముడి చేత కూడా అనిపించుకున్నాడు.

ఆ సాయంత్రం అర్బాబ్ ఇంటి నుంచి హమ్రియా రూముకు పెద్ద గిన్నెడు హల్వా వచ్చింది. తన ప్రార్థన ఇంత త్వరగా ఫలించిందని ముసలామె స్వయంగా దగ్గరుండి చేయించిందట. దేవయ్య చందా మూట విప్పి ఎవరిది వాళ్లు తీసుకోమంటే, ఎవరూ చెయ్యి చాపలేదు. హాస్టలు మెస్సుకు ఉంచమన్నారు. పెంచలయ్య మాత్రం అలిగి మూలన కూర్చున్నాడు.

"ఐదేండ్లని చెప్తివే అన్నా. నేను ఎంత ఏడిస్తినో నీకేం తెలుసు" అన్నాడు ఆఖరికి.

"చదువు ఐదేండ్లే తమ్మీ. నేనేమన్న అబద్ధం చెప్పిన్నా?"

పెంచలయ్య ఆలోచించి చూశాడు. అబద్ధమేదీ దొరకలేదు. దాంతో కోపం ఇంకా పెరిగి, హల్వాలో తన వాటాతో పాటు దేవయ్య వాటా కూడా తినేశాడు. మర్నాటి నుంచి దేవయ్య బట్టలు దేవయ్యే ఉతుక్కోవలసి వచ్చింది, బాత్‌రూమ్ వరసలో చివర నిలబడవలసి వచ్చింది. డాక్టరు తండ్రికి దక్కే మర్యాద వారం కూడా నిలవలేదని అతను కొంచెం నొచ్చుకున్నాడు. అయినా బకెట్ పట్టుకుని నిలబడినంతసేపూ, ఎవరు పలకరించినా పలకరించకపోయినా, బిడ్డకు సీటొచ్చిన కాలేజీ ఎంత పెద్దదో చెబుతూనే ఉన్నాడు.

జరిగిన పొరపాటుకు జయరాముడు ఖమరుద్దీన్‌ను పిలిచి, ఇకమీదట నోరు మూసుకుని బండి నడుపుకోమని మందలించాడు. అరబ్బీ నేర్చుకోవాలనుంటే రోజూ సాయంత్రం వస్తే తానే నేర్పుతానని కూడా అన్నాడు. ఖమరుద్దీన్‌కు రావడానికి తీరిక దొరకలేదు. ఆ వారం నుంచి హమ్రియాలో అర్బాబ్‌ను ఏదైనా అడగాల్సి వచ్చిన వాళ్లంతా, అరబ్బీ చక్కగా వచ్చిన జయరాముణ్ణి దాటుకుని పోయి, పికప్ ముందు వరస కట్టడం మొదలుపెట్టారు.